మొదటి అక్షరానికి పట్టిన గతి

పరీక్షకని నోయెలియా రాసుకున్న ప్రోగ్రామ్‌ను మాతియాస్ అడిగేసరికి ఆమెకు ఒళ్లు మండింది. ఏడాదంతా ల్యాబ్‌లో ఆమె పక్కన చేరి గొట్టంతో మాతే టీ పీల్చడం తప్ప వాడు వెలగబెట్టింది ఏమీ లేదు. ఇవ్వనంటే మూతి ముడుస్తాడు, ఇస్తే నెత్తికెక్కుతాడు. అందుకే నవ్వుతూ ఇచ్చింది, లోపల చిన్న తప్పు ఇరికించి మరీ.

సీ భాషలో రాసిన ఆ ప్రోగ్రామ్ పని ఒక్కటే. పదమిస్తే అందులో అడిగిన అక్షరం ఉందో లేదో వెతికి చెప్పాలి. సీలో అక్షరాల లెక్క సున్నాతో మొదలవుతుంది. ఆ సున్నా తీసి నోయెలియా ఒకటి పెట్టింది. ఇక మొదటి అక్షరం వంక అది కన్నెత్తి చూడదు. పరీక్షలో వాడు నీళ్లు నమలాలి, తాను పాసై, వాళ్ల దేశంలో నడివేసవైన జనవరంతా లా పలోమా తీరాన సముద్రంలో ఈదాలి. తప్పితే ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష, ఇక సెలవులు గాలికి పోయినట్టే.

పరీక్షకొచ్చిన ప్రొఫెసర్ ఎచెవెర్రీ కాలేజీకి కొత్త. ఇద్దరి ప్రోగ్రాములూ చక్కగా నడిచాయి. మాతియాస్‌ది మొదటి అక్షరాన్ని కూడా పట్టేసుకుంది. నోయెలియా వాడి తెర మీదికి వంగి చూస్తే, తాను పెట్టిన ఒకటి లేదు, సున్నా ఉంది.

“రెండూ ఒకటే. మీలో ఒకరు దొంగ” అన్నాడాయన. “రాస్తూ ఎక్కడ బోల్తా పడ్డారో చెప్పండి. రాసినవాళ్లకే అది తెలుస్తుంది.”

మాతియాస్ ముందుకొచ్చాడు. “నా పేరు కొట్టి ఎమ్ వెతకమంటే లేదంది ప్రొఫె. ఉన్న అక్షరం ఎలా పోయిందా అని తల బద్దలుకొట్టుకున్నా. తీరా చూస్తే ఒకటి నుంచి లెక్కపెడుతోంది మాయదారిది.”

నోయెలియా తన ప్రోగ్రామ్‌ను పైనుంచి కిందిదాకా చూసుకుంది. ఒక్క ఊపులో సరిగ్గా రాసేసిన మనిషికి బోల్తా ఎక్కణ్ణుంచి వస్తుంది? దొంగ ఆమేననుకుని ప్రొఫెసర్ జాలిగా చూశాడు. ఆ జాలి ఆమె భరించలేకపోయింది.

“ఆ తప్పు నాది ప్రొఫె. వీడికిచ్చే ముందు నేనే పెట్టాను.”

ఆయన కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఇచ్చినమ్మా పుచ్చుకున్నయ్యా ఇద్దరూ ఫిబ్రవరిలో దయచేయమన్నాడు.

జనవరిలో ఊరంతా సముద్రం దగ్గరే ఉంది. కొలిమిలాంటి ల్యాబ్‌లో వీళ్లిద్దరే మిగిలారు. నోయెలియాకు సిగ్గేసి, ఫిబ్రవరి పరీక్షకిచ్చిన కొత్త లెక్కకు తాను రాసిన ప్రోగ్రామ్ వాడి ముందు పెట్టింది, అర్థం చేసుకుని సొంతంగా రాసుకోమని.

“ఈసారి తప్పు ఎక్కడ దాచావే?”

“ఎక్కడా లేదురా, ఒట్టు.”

వాడు నమ్మితేగా. ప్రతి వరుస మీదా వేలు పెట్టి ఇదెందుకు, అదెందుకు అని పీక్కుతిన్నాడు. ఆమె పళ్లు నూరుకుంటూ జవాబులు చెప్పింది. చివరికొచ్చేసరికి వాడి వేలు ఒకచోట ఆగింది. నోయెలియా వంగి చూసింది. నిజంగానే తప్పు. ఆమె పెట్టింది కాదు, ఆమెకు తెలియనే తెలియదు.

“ఒట్టు కూడా వేశావు కదే” అన్నాడు మాతియాస్.