బావిలో కొరమీను

ఆ వేసవిలో నాగలమడిక దగ్గర ఏరు ఒక్క మడుగుగా మిగిలింది. బట్టలుతకడానికి వెళ్లిన కెంచమ్మకు నీళ్లమీద ఎర్రటి చేపపిల్లల గుంపు కనబడింది. అడుగున కొరమీను జంట కాపలా తిరుగుతోంది. మడుగు ఎండితే ఆ పిల్లల గతేమిటని ఆమెకు దడ పట్టుకుంది.

"సుబ్బక్క నాయనా, వాటిని మన దిగుడుబావిలో ఏస్తామా?" అని మొగుణ్ణి అడిగింది.

"ఏమ్మే, నీ బిడ్డ చాలదని చేపబిడ్డలకీ భయపడతాండావా?" అని దాసప్ప నవ్వాడు. అయినా కడవలో తెచ్చి బావిలో వదిలాడు.

ఆ బావిలో ముందునుంచీ పరిగెలు ఉండేవి. ఏరు పారిన ఏడాది వరదకు ఎదురెక్కి వచ్చే ఆ వేలెడంత చేపల్ని పెద్దలు పట్టుకొచ్చి వదిలేవాళ్లు. అవి నీళ్లలో పురుగును తింటాయని, అవి ఉన్న బావినీళ్లు తాగితే నారికురుపు రాదని ఊరి నమ్మకం. కెంచమ్మ అక్కకు ఆ కురుపే లేచింది. కాల్లోంచి దారంలాంటి పురుగును పుల్లకు చుట్టి లాగుతుంటే మధ్యలో తెగింది. ఆ కాలు మళ్లీ సరిగా నేల ఆనలేదు. అందుకే కూతురు సుబ్బక్క కాళ్లు కడిగినప్పుడల్లా కెంచమ్మ మడమలు తడిమి చూసేది.

కొన్నాళ్లకు మెట్లు దిగి కడవ ముంచుతుంటే ఏదో వెలితి తోచింది. కాళ్లను గిల్లడానికి ఒక్క పరిగె రాలేదు.

"కొరమీను ఊరుకుంటాదా తల్లీ! అన్నీ మింగుంటాది," అన్నాడు పక్కతోట పెద్దతిమ్మప్ప. "పెద్దవి బురదలోనన్నా గాలి పీల్చుకోని బతికుండేటివి. ఈడికి తెచ్చి ఏస్తిరి."

దాసప్ప గాలమేసి జంటను పట్టాడు, బుట్టతో పిల్లల్నీ ఎత్తేశాడు. కొత్త పరిగెలు తేవడానికి మాత్రం ఏట్లో నీళ్లే లేవు. అంతలో ఒకనాడు దారిన పోయే బండివాడు నారికురుపు లేచిన కాలికట్టు విప్పి, మంట చల్లారాలని కాలు బావినీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు.

"లేయప్పా! నీ కాలి పురుగు మేం తాగే నీళ్లల్లోకి దిగుతాది. నీకు దండం పెడతా, లే!" కెంచమ్మ అరిచింది.

వాడు లేచి వెళ్లిపోయాడు. ఆమె ఆనాటినుంచి నీళ్లు మడతపెట్టిన చీరలో వడగట్టసాగింది.

"నేను బావికాడే దోసిలితో తాగొచ్చినా," అంది సుబ్బక్క.

వానాకాలం ఏరు పారింది. దాసప్ప కడవనిండా పరిగెలు తెచ్చి వదిలాడు. మళ్లీ వేసవి వచ్చేసరికి అవి కెంచమ్మ పాదాలను గిల్లుతున్నాయి. ఆమె గుండె కాస్త కుదుటపడింది.

"అమ్మా, మడమ నిప్పు పెట్టినట్ల మండుతాండాది. నీళ్లల్లో పెడతా," అంటూ సుబ్బక్క మెట్లు దిగింది.

కెంచమ్మ కడవ వదిలేసింది. పాదం నీటికి తగలకముందే బిడ్డను చంకలకింద పట్టి ఎత్తుకుంది. మంట, మంట అని పిల్ల తన్నుకుంటున్నా వదలకుండా, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.