పరుగు చాలని నీళ్ళు

ఫిల్టరు విప్పి జాలీకి పట్టిన నాచును బుడాన్ గోటితో గీకుతున్నాడు. రోజూ తెల్లవారగానే అదే పని. నాచు కడిగి, జాలీ బిగించి, మీట ఎత్తితే కుంటలో నీళ్ళు ఖలీల్ మిరపచేనుకు డ్రిప్పులో పారతాయి. ఇలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అంతకు ముందు అతనేం చేసేవాడో చేలో చాలామందికి తెలియదు. అతనూ చెప్పలేదు.

మీట ఎత్తి కుంటవైపు తిరిగాడు. తిరిగినవాడు అలాగే నిలబడిపోయాడు.

నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలో తొమ్మిది పక్షులు. బొగ్గులాంటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి నామం.

“నామాలకోళ్ళు!” అన్నాడు పైకే. చేతిలో పానా జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

వాటిని చూసి పందొమ్మిదేళ్ళయింది. ఊరి పడమటి చెరువులో నీళ్ళున్న రోజుల్లో బుడాన్ వలవాడు. చలికాలం వచ్చిందంటే ఉత్తరాది నుంచి అవి వేలల్లో దిగేవి. అవి ఉన్నచోటి నుంచి ఎగరలేవు. గాలికి ఎదురుగా నీళ్ళ మీద తపతపా పరుగెత్తితేనే లేస్తాయి. ఆ పరుగు ముగిసేచోట బుడాన్ వల కట్టేవాడు. బుట్టలకెత్తి గుంటూరు పంపేవాడు. వలదారం కోసిన గీతలు చూపుడువేళ్ళ మీద ఇంకా తెల్లగా ఉన్నాయి. ఒక ఏడాది వందల్లో వచ్చాయి. మరుసటేడు పదుల్లో. తరువాత రాలేదు. చెరువు పూడ్చి ఇళ్ళ స్థలాలు చేశారు. చెరువు పోయింది కాబట్టే రాలేదన్నారు ఊళ్ళో. తాను పన్నిన వలే వాటిని తుడిచిపెట్టిందనుకున్నాడు బుడాన్. ఆ మాట భార్య లాల్‌బీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇవిగో, ఉన్నాయి! చెరువు లేకపోతే కుంట వెతుక్కున్నాయి!

అంతలో ఒకటి పరుగందుకుంది. ఇరవై గజాలు పోయి ఎదురుగట్టుకు కొట్టుకుని వెనక్కి పడింది. ఇంకొకటి పట్టా మీదికి ఎక్కబోయి జారింది. దిగడానికి చోటు చాలింది గానీ లేవడానికి చాలడం లేదు. నీళ్ళు అప్పటికే సగానికి దిగాయి. గోడలు ఏటవాలు, నీళ్ళు తగ్గేకొద్దీ కుంట ఇంకా పొట్టిదవుతుంది. పొద్దుగూకేసరికి అడుగు తేలుతుంది. కుక్కలు దిగితే ఒక్కటీ మిగలదు.

బుడాన్ మీట దించేశాడు. యజమాని మాట లేకుండా మోటారు ఆపడం అదే మొదలు.

కాసేపటికి ఖలీల్ బండి మీద వచ్చాడు.

“ఏంది మావా, మోటారు ఆపావు? కాలవ వంతు రావాలంటే ఇంకా నాలుగు రోజులుంది. పూత రాలిపోద్ది!”

బుడాన్ కుంటవైపు చెయ్యి చూపాడు. “వాటికి పరుగు చాల్లేదు. మధ్యాహ్నం తూర్పుగాలి లేచిందాకా ఆగు.”

ఖలీల్ పక్షుల్ని చూశాడు, బుడాన్‌ని చూశాడు. పద్దెనిమిదేళ్ళలో ఇతను ఏదీ అడిగిన గుర్తులేదు.

“ఒంటిగంట దాకా. ఆపైన నేనే మీటేస్తా.”

బుడాన్ పరుగుపెట్టాడు. గట్టున ఆరిన పత్తికట్టె మోపులు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి, నీళ్ళ నుంచి గట్టు మీది డొంకబాట దాకా పట్టా మీద మెట్లలా పరిచాడు. కాయ కోతకు వచ్చిన లాల్‌బీ నడుమున చేతులు పెట్టుకుంది.

“ఏందయ్యా, పొయ్యిలోకి కట్టెలన్నీ నీళ్ళలో తోస్తున్నావు? రేపు పొయ్యిలో నీ కాళ్ళు పెట్టనా?”

అతను క్యారేజీ విప్పి, మోపుల మీద వరసగా అన్నం చల్లాడు.

“నా వంట బాగుందని ఒక్కనాడు అనలా. ఆ కోళ్ళకు మాత్రం వడ్డిస్తున్నాడు చూడండే!”

కూలీలు గొల్లున నవ్వారు. వాళ్ళలో నాగజ్యోతి అంది, “ఎందుకు మావా ఈ తిప్పలు? పట్టుకుంటే అందరికీ కూరవుద్ది గదా!”

“పట్టడం నాకు తెలుసమ్మా,” అన్నాడు బుడాన్. “వదలడమే ఎప్పుడూ చెయ్యలా.”

లాల్‌బీ నవ్వు ఆగిపోయింది. “అందరూ కూసోండి. ఒక్కళ్ళు నోరెత్తారో చూడండి!” అని కూలీలను సాళ్ళ మధ్య కూర్చోబెట్టింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. మిరపాకులు వెల్లకిలా తిరిగాయి. తూర్పుగాలి!

మొదటిది మోపెక్కింది. ఆకుల్లాంటి రేకులున్న వేళ్ళతో కట్టెను పట్టి, మెతుకు ఏరి, ఇంకో అడుగు వేసింది. దాని వెనక ఇంకొకటి. ఏడు గట్టెక్కాయి. ఎనిమిది. తొమ్మిదోది చిన్నది, రెండుసార్లు జారింది.

స్టార్టరు పెట్టె దగ్గర ఖలీల్ ఫోను చూసుకున్నాడు. “ఒకటయింది మావా,” అని గొణిగాడు. చెయ్యి మాత్రం మీట మీదికి పోలేదు.

చిన్నది ఎక్కింది. బుడాన్ పడమటివైపు నుంచి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు.

తొమ్మిదీ డొంక వెంట గాలికి ఎదురుగా ఉరికాయి. దుమ్ము లేచింది. “ఉరకవే, ఉరకవే తల్లీ!” అని లాల్‌బీ లేచి నిలబడి కేక పెట్టింది. కూలీలంతా అందుకున్నారు. ఒకటి లేచింది. మూడు. అయిదు. చిన్నది అందరికన్నా దూరం పరుగెత్తి పత్తిచేను అంచున నేల విడిచింది. వెనక బుడాన్ చేతులెత్తి పరుగెత్తుతున్నాడు.

“తొమ్మిదీ! లాల్‌బీ, తొమ్మిదీ!”

అవి పత్తిచేల మీదుగా, దూరాన మెరుస్తున్న ఇంకో కుంటవైపు చిన్నవై పోయాయి. ఖలీల్ మీట ఎత్తాడు. చేలో డ్రిప్పు సన్నగా బుసకొట్టింది. కూలీలు సాళ్ళలోకి వెళ్ళారు.

డొంక దుమ్ములో అడుగులు మిగిలాయి. మొదట దగ్గరదగ్గరగా, తరువాత జానెడు దూరంలో, చివర మూరెడు దూరంలో ఒట్టి గోళ్ళ గీతలు.