ఉండకూడని గీత

"ఎలుకల్ని కోసిన చేతులతో పులుసు కలపకమ్మా, గరిటె వాడు" అన్నారు మా అత్తగారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే మాట. గ్లౌజులు వేసుకునే కోస్తానండీ అని మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. ఈ చేతులతోనే ఆవిడ మోకాళ్ళకి రోజూ నూనె రాస్తాను. అప్పుడు మాత్రం అవి ఏ చేతులో ఆవిడకి గుర్తు రాదు.

నేను పనిచేసేది అమలాపురంలో ఓ ఫార్మసీ కాలేజీ ల్యాబులో. కాలేయంలో ఒక ఎంజైము శ్రుతి మించకుండా ఆపే ప్రొటీను ఉంటుంది. మా ప్రొఫెసరు కృపానందం గారి మందు ఆ ప్రొటీన్ని పెంచుతుందంటారు. పెరిగిందో లేదో తెలియాలంటే యాంటీబాడీ వేసి చూడాలి. అది వెళ్ళి ఆ ప్రొటీన్ని పట్టుకుంటే ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. ఇన్నేళ్ళూ ఆ గీతలు తీసింది నేను. వాటి కింద పేరు ఆయనది.

పోయిన వారం, అసలా ప్రొటీనే లేకుండా పుట్టించిన ఎలుకల కాలేయం హైదరాబాదు నుంచి ఐసులో వచ్చింది. అందులో గీత పడకూడదు. పడింది. మళ్ళీ చేసేను. ఇంకా నల్లగా పడింది. అంటే మా యాంటీబాడీ ఇన్నాళ్ళూ పట్టుకుంటున్నది మరింకేదో. ఆ మందు ఒంట్లో ఏం పెంచుతోందో మాకెవరికీ తెలీదు. చీకటి గదిలోంచి ఆ ఫిల్ము పట్టుకుని తిన్నగా కృపానందం గారి దగ్గరికి వెళ్ళేను.

"ఫిల్ములోంచి ఆ ఎలుకల గడి కత్తిరించెయ్యమ్మా" అన్నారు కృపానందం గారు, తలెత్తకుండానే. "ఈసారి రీసెర్చి పేపర్లో మొదటి పేరు నీదే."

మా ఆయన శ్యామ్ బాబు అదే కాలేజీలో లెక్చరరు. ఇంటికొచ్చి చెప్తే, "ఒక్క గీత కోసం నా ఉద్యోగం పర్మనెంటు కాకుండా చేస్తావా రాహేలూ?" అన్నాడు. అన్నం కలుపుకుంటూ నవ్వేడు. "నువ్వు వంటింట్లో ఉండగా నీ ఫోన్లోంచి నేనే సార్‌కి ఓకే పెట్టేసేనులే. ఇంకొంచెం పులుసు వెయ్యి." వేసేను. నా పేరుతో ఇంకేమేం ఒప్పుకున్నాడో అడగడానికి భయమేసింది.

మర్నాడు మందు కంపెనీ వాళ్ళు వచ్చేరు. "టీ సంగతి చూడమ్మా" అన్నారు కృపానందం గారు. కప్పులు అందిస్తుంటే, వాళ్ళలో పెద్దాయన, "వచ్చే నెల నుంచి మనుషులకి ఇచ్చి చూస్తామండి. ఈ పరీక్షలన్నీ ఎవరు చేసేరండీ?" అనడిగేడు.

"ఇంకెవరండీ, అంతా రాహేలు గారే. నేను పైపైన చూసేనంతే."

ఇన్నేళ్ళలో ఆ నోట నాకు 'గారు' తగలడం అదే మొదటిసారి. మొదటి పేరు ఎందుకిచ్చేరో అప్పుడు అర్థమైంది. రేపు ఎవరికైనా ఏదైనా అయితే, అందరి వేళ్ళూ చూపించేది ఆ పేరునే. అంతకంటే భయపెట్టిందొకటుంది. ఆ మందు మింగబోయేవాళ్ళకి ఈ గదిలో ఎవరి పేరూ తెలీదు.

ట్రే బల్ల మీద పెట్టేను.

"ఆయ్, అంతా నేనే చేసేనండి" అన్నాను. "చేసిందాన్ని కాబట్టే చెప్తున్నాను. ఈ మందు ఎవరికీ ఇవ్వకండి."

కృపానందం గారు లేచి నిలబడ్డారు. నా ఫోను మోగడం మొదలెట్టింది, శ్యామ్ బాబు. మోగనిచ్చి, ఆ ఫిల్ము కత్తిరించని బొమ్మ ప్రొజెక్టరు తెర మీద పెట్టేను.