మూడో వీడ్కోలు

హాషిం ఇంట్లో అవద్ తాగిన చల్లటి నీళ్ళు తన సొంత ఫ్రిజ్‌లోవే. సొంతమంటే ఒకప్పటి మాట. కూతురు రుఫైదా చిన్నప్పుడు దాని తలుపుకు అంటించిన నిమ్మపండు బొమ్మ ఇంకా సగం ఊడి వేలాడుతోంది. అవద్ దాన్ని చూసీ చూడనట్టు చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి తమ్ముడూ" అన్నాడు.

"ఫ్రిజ్ మంచిదన్నా" అని హాషిం వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఇద్దరూ కాఫీ కోసం ఎదురుచూస్తున్నట్టు వంటింటి వైపు చూశారు.

జెద్దాలో ఆ పేటలో ఉండే సూడాన్ వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఇక్కడి బతుకు చాలించుకుని వెళ్ళిపోయే కుటుంబానికి శుక్రవారం నమాజు తర్వాత అందరూ కలిసి విందు చేస్తారు. వెళ్ళేవాళ్ళు తమ ఇంటి సామాను ఉండిపోయేవాళ్ళకు పంచిపెడతారు. అమ్ముకోవడం నామోషీ. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం అంతకన్నా నామోషీ. ఎంతో మంచి పద్ధతి. కాకపోతే సామానంతా పంచేసి, విందు తిని, ఆ తర్వాత వెళ్ళకుండా ఉండిపోయే మనిషి ఒకడుంటాడని ఆ పద్ధతి పెట్టిన పెద్దలకు తట్టలేదు. అవద్ అలా రెండుసార్లు ఉండిపోయాడు.

రేవు దగ్గర మోటారు విడిభాగాల గోదాములో అతనిది ఉద్యోగం. రెండేళ్ళు చేసి వచ్చేస్తానని పెళ్ళి కాకముందు వచ్చాడు. పాతికేళ్ళు దాటాయి. సొంత ఊరు ఉమ్దుర్మాన్‌లో ఇల్లు కట్టుకున్నాడు, ఇక చాలు పోదాం అనుకున్నాడు, మంచాలూ కుట్టుమిషనూ పంచాడు. ఆ వారంలోనే అక్కడ యుద్ధం మొదలైంది. అది అతని తప్పా? పేటంతా అయ్యో అనుకుంది. రెండోసారి కైరో అన్నాడు. సొంత తమ్ముడు అక్కడున్నాడు కదా. ఫ్రిజ్ హాషిం ఇంటికి పోయింది. రుఫైదా పేరు స్కూల్లో తీయించేశారు. తీరా టికెట్లు కొనబోతుంటే తమ్ముడు ఫోన్ చేసి, ఇక్కడ అద్దెలు మండిపోతున్నాయి, ఒక్క నెల ఆగమన్నాడు. ఆ నెల ఏడాదయింది. ఈసారి పేట జాలిపడలేదు, నవ్వింది.

ఆ నవ్వు సంగతి అలా ఉంచండి. ఆ ఏడాదంతా పదిహేడేళ్ళ ఆడపిల్ల ఇంట్లో కూర్చుంది. దాన్ని గురించి పేటలో ఎవరూ మాట్లాడలేదు. వెళ్ళిపోబోయే వాళ్ళ పిల్ల బడికి ఎందుకు వెళుతుంది అని అందరూ సరిపెట్టుకున్నారు. ఇలాంటి పిల్లలు ఆ పేటలో ఇంకా నలుగురైదుగురున్నారు.

అవద్ ఇంటికి వచ్చేసరికి భార్య సిత్తనా నేలమీద చాప పరిచి జొన్న అట్లు మడత పెడుతోంది. ఎండు బెండకాయ పొడి వేసిన మాంసం పులుసు వాసన ఇల్లంతా నిండి ఉంది.

"రుఫైదా నాన్నా, ఆదివారంతో స్కూల్లో చేర్చుకోవడం ఆఖరట. ఈ ఏడు కూడా పోతే వయసు దాటిపోయిందని క్లాసులో కూర్చోనివ్వరట. హెడ్‌మిస్ట్రెస్ ఫాయిజా మేడమ్ నాకే ఫోన్ చేసి చెప్పారు."

"చేరుద్దాంలే. తమ్ముడి ఫోన్ రానీ."

"ఏ తమ్ముడు? నెల ఆగమన్న తమ్ముడేనా?"

"వెటకారమెందుకే? చేర్పించాక కైరో వెళ్ళాల్సి వస్తే? నడిమధ్యలో మాన్పించాలి కదా."

"ఇప్పుడు మాన్పించి కూర్చోబెట్టారుగా. అది నడిమధ్య కాదూ?"

అవద్ అట్టు తుంచి పులుసులో ముంచాడు. రుఫైదా గోడకు ఆనుకుని పాత లెక్కల పుస్తకం తిరగేస్తోంది. ఆ లెక్కలన్నీ ఆమె ఎప్పుడో చేసేసినవే. తల ఎత్తలేదు.

పాపం, అవద్ మొండివాడు కాదు. అతనికి నిజంగానే ఏమీ పాలుపోవడం లేదు. ఇక్కడ ఉందామంటే, ఇంట్లో తలకింత చొప్పున ఏటా నివాస అనుమతికి కట్టాలి. పైగా గోదాము యజమాని కొడుకు కుర్రవాళ్ళను పెట్టుకుంటానని గొణుగుతున్నాడు. ఉమ్దుర్మాన్ పోదామంటే, వీధిలోకి కరెంటు వచ్చిందని ఒకడు ఫోన్ చేస్తాడు, నీ ఇంటి తలుపులు కూడా ఊడబీక్కుపోయారని మరొకడు చేస్తాడు. పోర్ట్ సూడాన్‌లో బావమరిది రమ్మంటాడు, నీళ్ళు మాత్రం కొనుక్కోవాలంటాడు. పొద్దున ఉండాలనిపిస్తుంది, మధ్యాహ్నానికి వెళ్ళాలనిపిస్తుంది. ఆ ఫోన్లన్నీ విన్నాక తన మనసేమిటో తనకే తెలియని స్థితికి వచ్చాడు.

గురువారం మాత్రం గోదాములో సెలవడిగి స్కూలుకు బయల్దేరాడు. గేటు కనబడుతుండగా ఫోన్ మోగింది. కైరో తమ్ముడు.

"అన్నా, ఇల్లు దొరికింది. రెండు గదులు. ఓనరు మనవాళ్ళంటే ఇష్టపడే మనిషి. వారంలో చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడు."

"నిజంగానా?"

"నీకు అబద్ధం చెబుతానా? ఇక్కడ బళ్ళు కూడా ఉన్నాయి."

అవద్ గేటు దాకా వెళ్ళాడు. లోపల ఆడపిల్లలు కొత్త పుస్తకాలు చంకన పెట్టుకుని గోలగోలగా తిరుగుతున్నారు. రెండడుగులు లోపలికి వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. దారిలోనే హాషింకి ఫోన్ చేసి, ఈసారి ఖాయం, కైరో, రేపు శుక్రవారం విందని అందరికీ చెప్పు అన్నాడు. అంత త్వరగా చెప్పేస్తే మళ్ళీ మనసు మారదని అతని ఆశ.

"ఇంట్లో వదినకు చెప్పావా అన్నా?" అన్నాడు హాషిం.

"చెబుతాను."

సిత్తనా విని, మడిచిన బట్టలే మళ్ళీ మడవసాగింది. ఆమె అరిచి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

శుక్రవారం విందు హాషిం వాళ్ళ మేడ మీది పెద్ద గదిలో. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, మధ్యలో పిల్లలు. అల్లం దంచి వేసిన కాఫీ తిరుగుతోంది. మాంసం బాగానే వండారు గానీ మాటలు మాత్రం ముందటిలా లేవు.

"అవద్, మా అబ్బాయి పెళ్ళికి నువ్వు ఉండవనుకుని బాధపడ్డాను" అన్నాడొక పెద్దాయన. "కానీ ఉంటావేమో అని కార్డు ఉంచాను."

గదంతా నవ్వింది. అవద్ కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు.

"ఈసారి ఏం పంచుతున్నారు వదినా?" అని అడిగింది హాషిం భార్య రవ్దా, సిత్తనాను ఆట పట్టిద్దామని. "నేను పరుపులు మాత్రం పుచ్చుకోను. మీరు ఆదివారం వాటి మీదే పడుకోవాలి."

"పరుపులు కాక ఇంక ఏమున్నాయి నా ఇంట్లో" అంది సిత్తనా. ఆమె నవ్వలేదు.

అప్పుడు రుఫైదా లేచింది. తలుపు పక్కన పెట్టుకున్న తన స్కూలు సంచి తెచ్చి, హాషిం చిన్నకూతురు వజ్దాన్ ఒళ్ళో పెట్టింది. నీలం రంగు సంచి. ఉతికి, ఇస్త్రీ కూడా చేసినట్టుంది.

"ఇది నీకు. వచ్చే ఏడు నువ్వు పెద్ద బడికి వెళతావు కదా."

"మరి నీకక్కా?" అంది పిల్ల.

"నాకెందుకు? ఇక్కడున్నప్పుడు వెళ్ళిపోతున్నామని బడి లేదు. అక్కడికెళ్ళాక, అక్కడి నుంచి ఎప్పుడు బయల్దేరతామో చూసుకుందాం అంటారు. నేనే సర్దుకున్నాను."

ఆమె గొంతులో కోపం లేదు. అదే అవద్‌ను పట్టి కుదిపింది. కోపం ఉన్న పిల్లకు ఇంకా ఆశ ఉన్నట్టు. ఈ పిల్ల తన తండ్రి కన్నా ముందే ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇక తనకు చదువు లేదన్నదే ఆ నిర్ణయం. ఇదంతా యుద్ధం చేసిందా? అద్దెలు చేశాయా? తమ్ముడు చేశాడా? ఎవరి పేరు చెప్పుకుందామన్నా చెప్పుకోవడానికి వీల్లేకపోయింది.

అతను లేచి గదికి అడ్డంగా నడిచి వచ్చి వజ్దాన్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ సంచి నాకు తిరిగి ఇచ్చెయ్యమ్మా."

ఇచ్చినదాన్ని తిరిగి అడిగిన మనిషిని ఆ పేట అంతవరకు చూడలేదు. వజ్దాన్ సంచిని రెండు చేతులా పొదువుకుంది.

"ఇచ్చింది అడక్కూడదు. మా అమ్మ చెప్పింది."

"అవునమ్మా, అడక్కూడదు. నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను."

"ఇచ్చెయ్యవే" అంది రవ్దా. పిల్ల ఏడుపు మొహంతో ఇచ్చింది. అవద్ ఆ సంచి తెచ్చి కూతురి పక్కన పెట్టి, అక్కడే కూలబడ్డాడు.

సిద్దీక్ మాస్టారు చేతికర్ర ఊతంతో లేచారు. సూడాన్‌లోని కస్సలాలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, ముసలితనంలో కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. ఆ పేటలో వీడ్కోలు మాటలు ఎప్పుడూ ఆయనే చెబుతారు.

"అవద్‌కు నేను రెండుసార్లు వీడ్కోలు చెప్పాను. మూడోసారి చెప్పమంటే నా వల్ల కాదు. ఉండాలా, పోవాలా అన్న ప్రశ్నకు ఈ గదిలో జవాబు తెలిసిన మొనగాడెవడో చెయ్యెత్తండి చూద్దాం."

ఎవరూ ఎత్తలేదు.

"నాకూ తెలియదు. పరాయి దేశంలో ఉన్నవాడికి అది చచ్చేదాకా తేలకపోవచ్చు. ఆ తికమక మన పెద్దలది, మనం పడదాం. దాన్ని మోయమని పిల్లల నెత్తిన పెట్టకండి. మనకు తేలేదాకా వాళ్ళ వయసు ఆగి కూర్చోదు. నవ్వకండి, అవద్ ఒక్కడే కాదు, ఈ గదిలో ఇంకో నలుగురి ఇళ్ళలో పిల్లలు బడి మానేసి ఉన్నారు. వాళ్ళ తండ్రుల పేర్లు చెప్పమంటారా?"

అక్కర్లేదన్నట్టు ముగ్గురు నలుగురు తలలు దించుకున్నారు. మాస్టారు కూర్చుని చల్లారిన కాఫీ తాగారు.

శుక్ర, శనివారాల సెలవులు పోయి బడి తెరిచిన ఆదివారం పొద్దున్నే అవద్ కూతుర్ని వెంటబెట్టుకుని స్కూలు గేటు దాటాడు. అంతకు ముందు దారిలో తమ్ముడు ఫోన్ చేశాడు. సాయంత్రం మాట్లాడతానని చెప్పి పెట్టేశాడు. కైరో ఇల్లు తీసుకోవాలో వద్దో అతనికి ఆ క్షణానికి కూడా తెలియదు.

ఫాయిజా మేడమ్ కళ్ళజోడు సవరించుకుని రుఫైదాను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"నిరుడు మీరు వదిలిన సీటు ఖాళీగా పోయింది. ఈసారి ఏడాదంతా ఇక్కడ ఉంటారా?"

"తెలియదమ్మా" అన్నాడు అవద్. "ఉంటామో పోతామో నాకు నిజంగా తెలియదు. కానీ ఈ ఊళ్ళో మేమున్న ప్రతి రోజూ మా అమ్మాయి బడికి వస్తుంది."