బెంచీల మీద గంగ

మండలాధ్యక్షుడు గుండె ఆగి పోయాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల అధ్యక్షుడైనవాడు జబ్బు చేసి మంచం మీద పోవడమే విడ్డూరం, అయినా పోయాడు. ఖాళీ అయిన కుర్చీకి ఎన్నిక పెట్టారు. సభ్యులంతా ఒక హాల్లో కూర్చుని చేతులెత్తే ఎన్నిక. జమ్మలమడుగు పెద్దాయన పార్టీకి సగం కంటే ఒక్క చెయ్యి ఎక్కువుంది. ఆ ఒక్కటీ ఎవరిదైనా జారిపోవచ్చు గనక, ఎన్నిక రోజు దాకా అందరినీ ఎక్కడో ఒకచోట దాచాలి.

పోయినసారి గోవాలో దాస్తే ముగ్గురు సభ్యులు స్నానానికని వెళ్లి అవతలి పార్టీ కార్లలో తేలారు. బెంగుళూరు సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ ప్రతి పేటలోనూ రెండు పార్టీలకూ చుట్టాలే. ఈసారి పెద్దాయన ప్రొద్దుటూరు నుంచి బాలసుబ్రహ్మణ్యాన్ని పిలిపించాడు. ఏటా ముసలివాళ్లను కాశీకీ బదరీకీ తీసుకుపోయి, ప్రాణాలతో తిరిగి తెచ్చి అప్పజెప్పే మనిషి. రిషికేశ్ పైన గంగ ఒడ్డున ఇసుకలో గుడారాలు వేస్తారనీ, పగలంతా రబ్బరు పడవల్లో సుడులమీదా రాళ్లమధ్యా తిప్పుతారనీ, ఫోన్లు మాత్రం ఉండవనీ ఆయన చెప్పుకొచ్చాడు. ఫోన్లు లేవన్న మాట చెవిన పడ్డాక పెద్దాయన మిగతాది వినలేదు. గుంతకల్లులో రైలెక్కేది ఎప్పుడని అడిగాడు.

అట్లా మాఘమాసంలో ఒక ఉదయం సభ్యులంతా పెద్దాయన ఇంటి ముంగిట్లో పోగయ్యారు. వాళ్లలో బాలనాగమ్మ ఒకతి. ఆమె సభ్యురాలైంది తన కోరికతో కాదు. మొగుడు చెన్నకేశవ గొర్రెలు మేపుకునే ఇంట పుట్టి, నోటి మంచితనంతో మూడు నాలుగు ఊళ్లకు నాయకుడయ్యాడు. మూడేళ్ల కిందట శ్రావణమాసంలో గండి ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని వస్తుంటే, పులివెందుల దారిలో కల్వర్టు దగ్గర జీపు మీద బాంబులు వేశారు. ముందు సీట్లో ఉన్న చెన్నకేశవా, డ్రైవరూ పోయారు. వెనక ఎదురెదురుగా కూర్చున్న బాలనాగమ్మా, చెన్నకేశవ పెదనాన్న కొడుకు ఓబులయ్యా మిగిలారు. వేసింది అవతలి పార్టీవాళ్లేనని అందరికీ తెలుసు. ఏ దారిన వస్తారో వాళ్లకు కబురిచ్చింది ఎవరన్నదే తేలలేదు. పోయిన డ్రైవరు మీద వేసి ఊరు చేతులు దులుపుకుంది.

ఆ రోజు నుంచి బాలనాగమ్మ మొద్దుబారిపోయింది. ఏడవలేదు. తినమంటే తింటుంది, మొగుడి చోట సభ్యురాలిగా నిలబడమంటే నిలబడింది, సంతకం పెట్టమంటే పెడుతుంది. కబురిచ్చింది ఎవరన్న ఒక్క ప్రశ్న తప్ప ఆమె లోపల ఏదీ కదలడం లేదు. పక్క ఊరి సభ్యురాలు తిరుపాలమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా ఆమె పక్కన కూర్చుని, "ఎవురు చెప్పింటారో మా" అని తనూ తల పట్టుకునేది. ఇప్పుడు అధ్యక్షుడిగా నిలబడుతున్నది ఓబులయ్యే. నెత్తురోడుతున్న మొగుణ్ణి ఒళ్లో పెట్టుకుని పులివెందుల ఆస్పత్రి దాకా తెచ్చిన బావకు చెయ్యెత్తడానికి బాలనాగమ్మకు అడ్డేమీ లేదు.

పడవలో ఎట్లా కూర్చోవాలో ముందే నేర్పుదామని బాలసుబ్రహ్మణ్యం ముంగిట్లో రెండు పొడవాటి బెంచీలు వేయించి, నడుమ చాప పరిపించాడు. బెంచీలు పడవ అంచులట, చాప పడవ అడుగట. తెడ్లకు బదులు తలా ఒక వెదురు కట్టె. కూర్చోండి అనగానే పేచీ మొదలైంది. అందరికీ వెనక సీటే కావాలి. వీపు వెనక మనిషిని పెట్టుకుని కూర్చోవడం ఈ జన్మలో తమవల్ల కాదన్నారు. వెనక కూర్చునేది పడవ నడిపేవాడని ఆయన ఎంత చెప్పినా, ఆ నడిపేవాడు ఎవరి మనిషని అడిగారు. చివరికి పెద్దాయన కసిరి, కాబోయే అధ్యక్షుడు కాబట్టి ఓబులయ్యను ఒక బెంచీ మొదట కూర్చోబెట్టాడు. రెండో బెంచీ మొదట, ఎవరూ చెప్పకముందే, బాలనాగమ్మ కూర్చుంది. తన వెనక ఎవరుంటే ఆమెకేం?

ముందుకు తొయ్యడం, వెనక్కి తొయ్యడం నేర్పాక బాలసుబ్రహ్మణ్యం అసలు సంగతికి వచ్చాడు. పెద్ద అల వచ్చినప్పుడు నడిపేవాడు అరుస్తాడు, అరవగానే అంచు దిగి అడుగున నక్కి తల వంచాలి, ఆలస్యమైతే గంగలో పడతారని చెప్పాడు. చెప్పి, "కిందికి" అని అరిచాడు.

ఆయన కాశీ బస్సుల్లో అట్లాంటిది ఎన్నడూ చూసి ఉండడు. అంతమంది మగవాళ్లూ ఒక్క ఊపున చాప మీద బోర్లాపడి తలల మీద చేతులు కప్పుకున్నారు. సగం జీవితం ఆ పనే చేసినవాళ్లు, వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క ఓబులయ్య మాత్రం బెంచీ పట్టుకుని ఇంకా సగంలోనే ఉన్నాడు. చిన్నప్పుడే బండి కింద పడి విరిగిన మోకాలు ఆయనది, వంగాలంటే ముందు కాలు చాపి, చేత్తో దేన్నయినా పట్టుకుని, మెల్లగా దిగాలి. వెనకనుంచి నవ్వారు. ఇట్లయితే అధ్యక్షుడు గంగపాలేనన్నారు. మళ్లీ అరిచినా, ఇంకోసారి అరిచినా ఆయనే ఆఖరు.

బాలనాగమ్మ ఆ మోకాలి వైపు చూస్తూ ఉండిపోయింది. జీపులో తను కొంగు ముడి విప్పి, ప్రసాదం టెంకాయ ముక్క ఎదురుగా ఉన్న బావకు చాపింది. ఆయన తీసుకోలేదు. కాలు చాపి సీటు కిందికి దిగి, తల వంచుకుని, పైన తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. బావా అని పిలిచింది. చెయ్యి అట్లా చాపి ఉండగానే బాంబు పడింది. ఇన్నాళ్లూ ఆమె జ్ఞాపకంలో ముందు చప్పుడు, తర్వాత బావ వంగడం. ఆ కాలితో చప్పుడయ్యాక వంగడానికి వ్యవధి ఎక్కడిది?

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"బావా, ఆ పొద్దు నేను టెంకాయ ముక్క ఇస్తాంటే నువ్వు అప్పటికే వంగిండావు. బాంబు ఇంకా పడలే. నీకెట్ల తెలిసె?"

ఓబులయ్య కట్టె కింద పెట్టాడు. "చెప్పు జారింటాది మా, ఎతుక్కుంటాంటి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూసింది ఆమెను కాదు, పెద్దాయనను.

బాలనాగమ్మ మిగతావాళ్ల కోసం ఆగింది. ఎవరో ఒకరు తనను మందలిస్తారనుకుంది, ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మనిషిని పట్టుకుని అదేం మాట అంటారనుకుంది. ఎవరూ అనలేదు. ఏ పొద్దు అని కూడా అడగలేదు. ఎవరి కట్టె వాళ్లు చూసుకుంటున్నారు. ఆశ్చర్యపోయి చూస్తున్నది బాలసుబ్రహ్మణ్యం ఒక్కడే, ఆయన ఊరివాడు కాడు.

తిరుపాలమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "కూచో మా" అంది మెల్లగా. "మీ ఆయనుంటే ఎప్పుటికైనా ఈ కుర్చీ ఆయనకే గదా వచ్చేది. అందుకే అవతలోల్లకు ఓబులయ్యే కబురు పంపినాడు. నీ పిల్లోల్లు చిన్నోల్లు, తెలిస్తే నువ్వు గమ్మునుండవని చెప్పల్యా."

"నీకెప్పుటినుంచి తెలుసు?"

"దినాల నాటికే."

అంటే చెన్నకేశవ కర్మ పూర్తికాకముందే. ఓబులయ్య మీద రావలసిన కోపం ఆమెకు రాలేదు, అక్కడ అంతా మొద్దుబారే ఉంది. కోపం తిరుపాలమ్మ మీద వచ్చింది. మూడేళ్లు పక్కన కూర్చుని, ఎవరు చెప్పారో అని తనతోపాటు వెతికినట్టు నటించిన మనిషి. బాలనాగమ్మ ఆమె చెయ్యి విదిలించుకుంది. కళ్లు మండాయి.

పెద్దాయన బెంచీల దగ్గరికి వచ్చాడు. ఓబులయ్య వద్దనుకుంటే ఇంకొకరిని నిలబెడదామన్నాడు, ఎవరు కావాలో ఆమెనే చెప్పమన్నాడు. పెళ్లి విందులో ఏ కూర వండించాలని అడిగినంత నిమ్మళంగా అడిగాడు. ఇంతలో ఆయన మనుషులిద్దరు పోయి గేటు వేశారు. ఎన్నిక అయ్యేదాకా ఇక ఎవరూ ఇల్లు చేరరని దాని అర్థం.

బాంబు వేసింది అవతలివాళ్లు. దారి చెప్పింది ఇవతలివాళ్లు. చెయ్యెత్తాలంటే ఈ ఇద్దరిలో ఒకరికే ఎత్తాలి. ఎత్తకపోతే పెద్దాయనకు ఎక్కువున్న ఆ ఒక్క చెయ్యీ పోతుంది.

"నన్ను యాడికి తీస్కపోతారో తీస్కపోండి," అంది బాలనాగమ్మ. "గంగలో ముంచినా సరే. చెయ్యి నాది. ఎవురికీ ఎత్తను."

పెద్దాయన బాలసుబ్రహ్మణ్యం వైపు తిరిగి, పడవలో ఎవరెక్కడ కూర్చోవాలో మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు.