హైమా దాకా

పన్నెండు సీసాల్లో నీళ్ళు నింపింది ఫెబి. ఆరు ఐసు పెట్టెలో పెట్టింది, ఆరు కారు తలుపుల్లో సర్దింది. పులిహోర మూడు డబ్బాలకెత్తింది. చపాతీలు చుట్టింది. అత్తగారి ఇన్సులిన్ చల్లటి సంచిలో పెట్టింది. కుక్కరు, బియ్యం, కారం, పోపుల పెట్టె డిక్కీలోకి చేరాయి. చేరాయంటే వాటంతటవి నడుచుకుంటూ వెళ్ళలేదు, తనే మోసింది. సెలవులకి వెళ్తూ వంటిల్లు మొత్తం వెంట మోసుకుపోవడం ఎక్కడి సెలవో ఆ దేవుడికే తెలియాలి. బయట తిండి అత్తగారికి పడదు, తన చేతి కూర లేకపోతే మొగుడికి ముద్ద దిగదు. అన్ని సీసాలూ నింపింది గానీ అందులో తను తాగబోయేది ఒక్కటీ లేదని ఫెబికి ముందే తెలుసు.

"ఎక్కేముందు అందరూ ఓసారి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేయండి. మధ్యలో ఆపమంటే ఆపేది లేదు," అన్నాడు వెస్లీ, కొత్త బండి అద్దం తుడుచుకుంటూ.

అప్పటికింకా తెల్లవారలేదు. వెళ్ళాల్సింది ఒమన్‌లోని సలాలాకి. జులైలో గల్ఫ్ అంతా పెనంలా కాలుతుంటే అక్కడ మాత్రం తుంపర పడుతుంది, కొండలు పచ్చబడతాయి. ఖతర్‌లోని మెసయీద్ కంపెనీలో వెస్లీకి పై అధికారి అయిన సంజీవరావుగారు సలాలాలో సముద్రం పక్కన ఒక ఇల్లు కొనుక్కుని, వారం రోజులు ఉండి రమ్మని తాళాలిచ్చారు. విమానమెక్కితే రెండు గంటలు. కానీ సంజీవరావుగారు దోహా నుంచి మూడు సరిహద్దులు దాటుకుంటూ కారు మీద పంతొమ్మిది గంటల పది నిమిషాల్లో చేరారట. ఆ ముక్క ఆయన గోదావరి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు నుంచీ వెస్లీకి నిద్ర లేదు. పద్దెనిమిదిన్నరలో చేరి చూపిస్తానని ఆ గ్రూపులోనే రాశాడు. దానికి ముప్పై మంది చప్పట్లు కొట్టారు. అందులో ఆడవాళ్ళు లేరు, ఆ గ్రూపులో ఆడవాళ్ళని చేర్చుకోలేదు.

"మా ఆవిడ ఒక్కసారి కూడా ఆపమని అడగలేదయ్యా, దేవత," అని సంజీవరావుగారు అందరికీ చెప్పుకున్నారు. ఆ మాట వెస్లీ ఇంటికొచ్చి ఫెబికి నాలుగుసార్లు చెప్పాడు. దేవత సంగతేమిటో ఫెబికి పోయిన శుక్రవారం తెలిసింది. దోహాలో సెలవు శుక్రవారం కాబట్టి చర్చి కూడా ఆ రోజే. మెసైమీర్‌లో చర్చి అయ్యాక టీ దగ్గర సంజీవరావుగారి భార్య సునంద తనని పక్కకి పిలిచి ఇంటి తాళాల కవరు చేతిలో పెట్టింది, దాంతోపాటు ఇంకో నల్ల కవరు కూడా. లోపల పెద్దవాళ్ళకి వేసే డైపర్లు, మూడు మిగిలాయి. "నేను ఇవే వేసుకుని వెళ్ళానమ్మా. ఆయనకి తెలీదు. నీకూ పనికొస్తాయి," అని నవ్వింది. ఫెబి కూడా నవ్వింది. కూతురు కెజియా పక్కనే బిస్కెట్టు తింటూ నిలబడి ఉంది. పన్నెండేళ్ళ పిల్ల, దానికేం అర్థమవుతుందిలే అనుకుంది తల్లి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బంగారు గాజులేసుకుని, పట్టుచీర కట్టుకుని, పసిపిల్లలా డైపర్ కట్టుకుని ఎడారి దాటింది, మొగుడి రికార్డు కోసం. ఆ నవ్వు రెండు రోజులు ఫెబి గొంతులోనే ఉండిపోయింది. అయినా ఆ కవరు పారెయ్యలేదు, హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టుకుంది. ఎందుకు పెట్టుకున్నావే అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది, సిగ్గు.

ఇంకో సిగ్గు కూడా ఉంది. ఫెబి అల్ మన్సూరాలో ఒక క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్నించి సాయంత్రం దాకా పనే అది, మూత్రం సీసాలు చూడడం. రంగు చూసి ఎవరు నీళ్ళు తాగుతున్నారో ఎవరు తాగట్లేదో చెప్పెయ్యగలదు. రోజుకి నలభై మందికి, హిందీలో కొందరికి, తెలుగులో కొందరికి, నీళ్ళు బాగా తాగండయ్యా అని చెప్తుంది. మొన్నామధ్య జగిత్యాల బుచ్చన్న అని సైటులో పనిచేసే ఆయన వచ్చాడు. సీసాలో టీ డికాక్షన్‌లాంటిది పట్టి ఇచ్చాడు. కిడ్నీలు పాడవుతాయి, నీళ్ళెందుకు తాగవు అని ఫెబి గట్టిగా కేకలేసింది. ఆయన తల గోక్కుంటూ అన్నాడు, "తాగితే పోవాలె గద మేడం. సైటుల బాత్రూం ఏడనో ఉంటది, పోయొస్తే ఫోర్‌మన్ తిడ్తడు. అందుకే తాగుడే బంజేసిన." బుచ్చన్న ఫోర్‌మన్ సైటులో ఉంటాడు, డ్యూటీ అయితే వదిలేస్తాడు. ఫెబి ఫోర్‌మన్ పక్క సీట్లోనే ఉంటాడు.

నిరుడు ఇలాగే దుబాయ్ వెళ్ళొచ్చాక చలిజ్వరమొచ్చి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీల దాకా ఎక్కి నాలుగు రోజులు ఆస్పత్రిలో పడుంది. వెస్లీ పళ్ళు తెచ్చాడు, పక్కన కూర్చుని చాలా ప్రేమగా అన్నాడు, "చదువుకున్నదానివి, ల్యాబులో పనిచేస్తావు, నీళ్ళు తాగాలని నీకు తెలీదా?" ఆ ఒక్క మాటకి సెలైను సూది పీకేసి గోడకి కొడదామనిపించింది. కొట్టలేదు. అవునండీ, నాదే పొరపాటు అంది.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. ఖతర్ దాటారు, సౌదీ దాటారు, ఎమిరేట్స్ దాటారు. వెస్లీ నియమం ప్రకారం బండికి పెట్రోలు పోసినప్పుడు, పాస్‌పోర్టుకి ముద్ర వేసినప్పుడు మాత్రమే మనుషులు దిగాలి. ఒమన్ సరిహద్దులో పన్నెండింటికి దిగారు, ఆడవాళ్ళు బాత్రూమ్‌కి వెళ్ళడం అదే ఆఖరు. ఆదం అనే ఊరి దగ్గర పెట్రోలు పోయించుకున్నప్పుడు ఫెబి, అత్తగారు, పిల్ల ముగ్గురూ పరుగున వెళ్ళారు. మగవాళ్ళ గది తలుపు బార్లా తీసుంది, ఆడవాళ్ళ గదికి తాళం. తాళంచెవి ఉన్నాయన నమాజుకి వెళ్ళాడు, పది నిమిషాల్లో వస్తాడన్నారు. పది నిమిషాలా, యల్లా యల్లా ఎక్కండి అన్నాడు వెస్లీ. అప్పటికి తను మగవాళ్ళ గదికి వెళ్ళొచ్చేశాడు మరి. "హైమాలో పెద్ద బంకుంది, అక్కడ తీరిగ్గా వెళ్దురుగాని. హైమా దాకా ఇంక ఆపేది లేదు," అన్నాడు. హైమా అక్కడికి మూడు వందల కిలోమీటర్లు.

ఫెబి ముందు సీట్లో కూర్చుంది. ఆ సీటుకి కూడా డ్యూటీ ఉంది. ఆయనకి నిద్ర రాకుండా మాట్లాడాలి, నారింజ తొనలు నోటికందించాలి, ఫ్లాస్కులో టీ ఒంపివ్వాలి, వేగం పట్టే కెమెరా వస్తుంటే చెప్పాలి. దోహాలో రోజూ తనే కారు నడుపుకుంటూ క్లినిక్కుకి వెళ్తుంది, పిల్లని బడి దగ్గర దించుతుంది, అత్తగారిని షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. కానీ హైవే అంటే మాత్రం "అది వేరు, నీ వల్ల కాదు" అంటాడు. ఏం వేరో ఇంతవరకూ చెప్పలేదు. రోడ్డేమో గీత గీసినట్టు తిన్నగా ఉంది. అటూ ఇటూ ఇసక తప్ప ఒక్క చెట్టు లేదు, ఒక్క గోడ లేదు. మగవాడికి ఎడారంతా బాత్రూమే. ఆడదానికి ఇంత ఎడారిలో అరగజం చాటు లేదు.

పొత్తికడుపు బిగుసుకుపోయింది. బండి చిన్న గతుకులో పడినా కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయి. ఇంకో బంకు బోర్డు కనిపించింది, ఐదు కిలోమీటర్లు అని. తర్వాత రెండు, తర్వాత ఒకటి. ఫెబి మొగుడి వైపు తిరిగి, "ఏవండీ, ఇక్కడ ఒక్క ఐదు నిమిషాలు ఆపుతారా," అంది. వెస్లీ గడియారం చూశాడు. సంజీవరావుగారి కంటే ఇరవై రెండు నిమిషాలు ముందున్నాం, ఇప్పుడాపితే అంతా పోతుంది, ఓ గంట ఓర్చుకో అన్నాడు. బంకు కుడిపక్క నుంచి జారుకుంటూ వెళ్ళిపోయింది. దాని ముందు ఎవరో ఒకామె చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా నడుస్తోంది. ఫెబికి ఏడుపొచ్చింది. ఈ భూమ్మీద ఇంతమంది ఇన్ని అడుగుతారు కదా, నగలు, ఇళ్ళు, మేడలు. తను అడిగింది ఇదా, దీనికి కూడా బతిమాలాలా, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చి, నెల నెలా జీతం తెచ్చుకుంటూ? మీ ఆయన నిన్ను కొడతాడా అంటే కొట్టడు. తాగుతాడా అంటే తాగడు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని కళ్ళు మూసుకుని పాడతాడు. మరి దీన్నేమంటారు? పేరు కూడా లేని ఈ బాధ ఎవరికి చెప్పుకుంటే అర్థమవుతుంది? చెప్తే నవ్వుతారు. సునంద అయితే నవ్వి, కవరు చేతిలో పెడుతుంది.

వెనక నుంచి అత్తగారు దయమ్మ మెల్లగా, "ఓర్చుకోవాలమ్మాయ్," అంది. కొత్తగా పెళ్ళయినప్పుడు నరసాపురం నుంచి గుంటూరు ప్రార్థన సభలకి బస్సులో వెళ్తుంటే కూడా ఈ మాటే అంది. ఆడపిల్లకి ముందు నేర్పాల్సింది ఉగ్గబట్టుకోవడమేనని, తన అత్తగారు తనకి నేర్పిందని అప్పుడు చెప్పింది. ఇప్పుడు అన్నప్పుడు మాత్రం గొంతు వణికింది. షుగరు మనిషి, డెబ్బైకి దగ్గరపడింది. ఫెబి తిరిగి చూస్తే దయమ్మ రెండు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పెదాలు ఎండి తెల్లగా పొక్కులు లేచాయి. ఆవిడ సీసా నిండుగా ఉంది. పక్కన కెజియా సీసా కూడా నిండుగానే ఉంది. పొద్దున్న తను వేసిన మూత వేసినట్టే ఉంది. ఫెబి సీటు బెల్టు వదులు చేసుకుని పూర్తిగా వెనక్కి తిరిగింది.

"కెజియా, పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. ముఖం పాలిపోయి ఉంది. సీటు బెల్టు లాక్కుని ముందుకు వంగి, తండ్రికి వినపడకుండా తల్లి చెవిలో అంది.

"మమ్మీ, సునంద ఆంటీ ఇచ్చినవి నీ బ్యాగులో ఉన్నాయి కదా. నాకొకటి ఇవ్వవా? నేనది వేసుకుంటే డాడీ ఆపక్కర్లేదు."

ఫెబికి చెవుల్లో హోరు. బండి చప్పుడో తన ఒంట్లోదో తెలియలేదు. ఈ పిల్లని కని, పన్నెండేళ్ళు పెంచి, లెక్కలు చెప్పించి, కీబోర్డు నేర్పించి, ఆఖరికి తను నేర్పిన చదువు ఇది. అత్తగారి అత్తగారి దగ్గర్నుంచి చేతులు మారి మారి వచ్చి, చదువుకున్న తన చేతిలో బ్యాగులో ప్యాకెట్టయి కూర్చుంది. వెస్లీ నేర్పలేదు ఇది. ఆయనకి తెలియను కూడా తెలియదు. తనే నేర్పింది, సీసాలు నింపి తాగకుండా కూర్చుని, ప్రతి ప్రయాణంలోనూ, పిల్ల కళ్ళ ముందు.

తలుపులోంచి సీసా తీసింది. మూత తిప్పింది. తాగింది. మొదటి గుటక గొంతులో కోసుకుపోయింది, తర్వాతవి చల్లగా దిగాయి. అడుగంటా తాగి రెండోది తీసింది. వెస్లీ ఓరగా చూసి, ఇప్పుడెందుకు తాగుతున్నావు, హైమా ఇంకా నూట పది ఉంది అన్నాడు.

"దాహమేసిందండి," అంది. రెండో సీసా సగంలో ఆపి వెనక్కి తిరిగింది. "కెజియా, నీళ్ళు తాగు. నేను చెప్తున్నాను, తాగు." పిల్ల తండ్రి వెనక తలని చూసింది, తల్లిని చూసింది, మూత తీసింది.

కాసేపటికి దయమ్మ నోట్లోంచి కొంగు తీసేసి, తన సీసా మూత రావట్లేదని కోడలికి అందించింది. "నాకూ తీసివ్వమ్మాయ్," అంది. ముగ్గురూ గటగటా తాగుతున్న చప్పుడు ఏసీ హోరులో కూడా వినిపించింది. వెస్లీకి ఏం జరుగుతోందో తెలియలేదు. అందరికీ పిచ్చెక్కిందా, దిగడానికి చోటెక్కడుందని విసుక్కున్నాడు.

"పిచ్చేమీ లేదు. బండి ఆపండి," అంది ఫెబి. గొంతు పెంచలేదు. "ఆపకపోతే మానెయ్యండి. నేనింక ఉగ్గబట్టుకోను, ఈ సీటులోనే పోసేస్తాను. వెనక మీ అమ్మగారు కూడా అంతే, మీ అమ్మాయి కూడా అంతే."

వెస్లీ సీటు వైపు చూశాడు. మీగడ రంగు తోలు, కొని రెండు నెలలు. పులిహోర పసుపు అంటుతుందని దాని మీద తిననివ్వలేదు. తర్వాత ఫెబి ముఖం చూశాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆ ముఖం ఆయనెప్పుడూ చూడలేదు. బండి నెమ్మదించి, పక్కకి దిగి, ఇసకలో ఆగింది.

బయట వేడి నిప్పులపొయ్యి మీంచి కొట్టినట్టు కొట్టింది. ఫెబి ఇసక వైపున్న కుడిపక్క రెండు తలుపులూ తెరిచి, మధ్యన తన చున్నీ, అత్తగారి చీర కొంగు కలిపి పట్టింది. ముందు పిల్ల, తర్వాత దయమ్మ, ఆఖర్న తను. ఇసక ఎంత ఎండిపోయి ఉందంటే తడి చూస్తుండగానే ఇంకిపోయింది. చున్నీ పట్టుకున్న కెజియా కిందికి చూడకుండా రోడ్డు వైపే చూస్తూ, ఎవరూ రావట్లేదు మమ్మీ, తొందరేం లేదు అంది. దయమ్మ బండికి చేరగిలబడి ఏడుస్తోంది. వెస్లీ అటుపక్క రోడ్డు అంచున వీపు చేసి నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

ఫెబి బ్యాగులోంచి నల్ల కవరు తీసి, డిక్కీలో చెత్త వేసే సంచిలో కుక్కింది. తర్వాత చుట్టూ నడిచి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దం తన కళ్ళకి సరిపడా వంచుకుంది. వెస్లీ కాసేపు బయటే నిలబడ్డాడు. ఎండ నెత్తి మాడ్చేసరికి వేరే దారి లేక నారింజ తొనల డబ్బా పక్కకి జరిపి ఆమె సీట్లో కూర్చున్నాడు. ఇరవై రెండు నిమిషాలూ పోయాయి, ఇంకో పది మీద పడ్డాయి అని గొణిగాడు. ఆయన మోకాళ్ళ దగ్గర తలుపులో ఒక సీసా మిగిలి ఉంది. బండి రోడ్డెక్కాక ఫెబి దాన్ని చూపించి, తాగండి, ఎండలో నిలబడ్డారు అంది.

ఆయన తాగలేదు. ముందున్న తిన్నటి రోడ్డునీ, ఆమె చేతుల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇలా అయితే ఎప్పటికి చేరతాం? ఇంకెన్నిసార్లు ఆపుతావు?"

"ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లండి," అంది ఫెబి.