ఎర్రగుట్ట బస్సులో నిండు బాటిల్

ఏప్రిల్ పన్నెండో తేదీ మధ్యాహ్నం, ఎర్రగుట్ట స్టేజీలో కండక్టర్ స్వరూప బస్సు మెట్ల మీంచి కిందికి ఒరిగిపోయింది. ఎండదెబ్బ అన్నారు చూసినవాళ్లు. దాహానికి పడిపోయిందన్నారు ఇంకొందరు. ఆమె భుజానికి సంచి ఉంది. సంచిలో నీళ్లున్నాయి, మెడదాకా. ఆ నీళ్లు నాలోనే ఉన్నాయి కాబట్టి ఈ సంగతి ఖాయంగా చెప్పగలను.

నేను ఒక స్టీలు బాటిల్‌ని. లీటరు నీళ్లు పడతాను.

డ్రైవర్ కొమురెల్లి స్టీరింగ్ వదిలి పరుగున వచ్చాడు. సంచిలోంచి నన్ను లాగి మూత తిప్పాడు. ఆమె మొహాన నీళ్లు చల్లబోతూ ఒక్క క్షణం నాలోకి చూశాడు. తెల్లవారుజామున డిపో నల్లా దగ్గర ఆమె నన్ను నింపుతున్నప్పుడు అతను పక్కనే ఉన్నాడు. అప్పుడు ఎంత నిండానో ఇప్పుడూ అంతే ఉన్నాను. అతను నన్ను వంచి నీళ్లు చల్లాడు.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో రేకును గొట్టంగా చుట్టి, అంచులు కలిపి అతికించారు. ఒక కొసను నొక్కి మెడ చేశారు, ఇంకో కొసకు అడుగు అతికించారు. మూత బిగియడానికి మెడకు మరలు తీశారు. నీళ్లు పోసి కారుతానేమో చూశారు. కారలేదు. అంతకు ముందు ఆ రేకు ఏమై ఉండేదో నాకు తెలియదు. పాత గిన్నెలు కరిగించి కూడా రేకు చేస్తారని పెట్టెలో పక్కనున్న బాటిల్ అంది. ఆ మాటను నిర్ధారించుకునే వీలు నాకు లేకపోయింది.

అట్టపెట్టెల్లో డిపోకు వచ్చాం. సిబ్బంది ప్లాస్టిక్ సీసాలు మానాలని, మనిషికొక స్టీలు బాటిల్ ఇవ్వాలని పైవాళ్లు నిర్ణయించారు. డిపో మేనేజర్ శశిధర్ సారు గేటు పక్కన షామియానా వేయించారు. ప్లాస్టిక్ భూమిలో కలవడానికి ఎన్ని తరాలు పడుతుందో ఉపన్యాసంలో చెప్పారు. మధ్యలో ఆయన గొంతు ఎండింది. ఎవరో ప్లాస్టిక్ సీసాలో నీళ్లు అందించారు. ఆయన తాగి ఉపన్యాసం కొనసాగించారు. మేమంతా ఆయన ముందున్న బల్ల మీద వరసగా నిలబడి ఉన్నాం, ఖాళీగా.

నన్ను మొదట అందుకున్నది కొమురెల్లి. డిపోలో నింపితే పొద్దెక్కేలోపే ఖాళీ చేసేవాడు. ఎర్రగుట్టలో పంచాయతీ ట్యాంకు దగ్గర మళ్లీ నింపేవాడు. అక్కడ బస్సు ఆగగానే దిగి తుమ్మచెట్ల వెనక్కి వెళ్లి వచ్చేవాడు. దాహమైతే తాగేవాడు, అంతే. మనుషులందరూ నీళ్లు ఇలాగే తాగుతారని నేననుకున్నాను.

స్వరూప బాటిల్ మూత సరిగా పట్టేది కాదు. సంచిలో కారి టికెట్ మిషన్ తడిసిపోతోందని ఆమె ఒకరోజు గుడ్డతో తుడుచుకుంటుంటే కొమురెల్లి చూశాడు.

“అది నాకియ్యి చెల్లె. నాది నువ్వు పెట్టుకో. నా సీటు కింద కారినా అడిగేటోడు లేడు.”

అలా నేను ఆమె సంచిలోకి వచ్చాను. ఆమె భర్త అదే డిపోలో డ్రైవరుగా చేస్తూ చనిపోతే ఆమెకు ఈ కొలువు ఇచ్చారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, అత్త. ఇవన్నీ నేను సంచిలోంచి విన్నవి.

ఆమె రోజూ నన్ను నింపేది. ఏ రోజూ నింపడం మరచిపోలేదు. తాగడం మాత్రం జరిగేది కాదు. ఇంట్లో వంట ముగించి ఒక గ్లాసు తాగి బయల్దేరేది. ఆ తర్వాత ఎండ ముదిరాక ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, కిటికీలోంచి ఉమ్మేసేది. పెదాల మీద మిగిలిన తడి నాలుకతో తీసుకునేది. బస్సులో పసిపిల్లలు ఏడిస్తే తల్లుల చేతికి నన్ను ఇచ్చేది. ముసలివాళ్లు చెయ్యి చాస్తే ఇచ్చేది. ఆ ఒక్క గుక్క పోను నాలోంచి తగ్గిన నీళ్లన్నీ ప్రయాణికులు తాగినవే. సాయంత్రం డిపోలో మిగిలిన నీళ్లు వేపమొక్క మొదట్లో పోసేది. ఆ మొక్క బాగా పెరిగింది.

నేను మొదట తప్పు నాదేననుకున్నాను. స్టీలు వాసన గిట్టదేమోననుకున్నాను. సాయంత్రాలు నీళ్లు పారబోసే ముందు డిపో గదిలో అరుగు మీద మమ్మల్ని పక్కపక్కన పెట్టేవాళ్లు. చూస్తే మిగతా ఆడవాళ్ల బాటిళ్లూ నాలాగే బరువుగా ఉండేవి. మగవాళ్లవి చెయ్యి తగిలితే దొర్లిపోయేవి.

స్వరూపను ఆ రోజు మండల కేంద్రంలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని, కిడ్నీలో రాయి ఉందని డాక్టరమ్మ చెప్పింది. రోజుకు మూడు లీటర్లు తాగాలంది. ఎందుకు తాగడం లేదని అడిగితే, పనిలో పడి మరచిపోతానని స్వరూప చెప్పింది. ఆమె అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. డాక్టరమ్మ నమ్మలేదనుకుంటాను. నీళ్లు తాగనివ్వని ఉద్యోగమైతే మానుకోమంది. ఇలాగే సాగితే కిడ్నీ పోతుందని, నెల తర్వాత వచ్చి మళ్లీ పరీక్ష చేయించుకోమని చెప్పి పంపింది.

ఈ కొలువు మానితే ఇల్లు గడవదు. మానకపోతే కిడ్నీ దక్కదు. స్వరూప ఎవరితోనూ ఈ మాట అనలేదు. ఆ రాత్రి అత్త అడిగితే ఎండదెబ్బ అనే చెప్పింది.

సెలవు ముగించుకుని డిపోకు వచ్చినప్పుడు శశిధర్ సారు ఆమెను పిలిపించారు. ఆయన మంచి మనిషి. తన సిబ్బంది నీళ్లు చాలక పడిపోయిందని ఆయనకు బాధ కలిగింది. స్టోరులోంచి ఇంకో స్టీలు బాటిల్ తెప్పించి ఆమె చేతికిచ్చారు.

అప్పటినుంచి సంచిలో ఇద్దరం ఉన్నాం, ఇద్దరమూ నిండుగా. ఆమె కుడి భుజం కిందికి జారింది.

ఆ రోజు ఎర్రగుట్టలో ప్రయాణికులు దిగిపోయాక కొమురెల్లి తుమ్మల వైపు వెళ్లలేదు. వెనక్కి వచ్చి ఆమె ముందు సీట్లో అడ్డంగా కూర్చున్నాడు.

“ఒక మాట అడుగుత చెల్లె, కోపానికి రాకు. బాటిల్ల నీళ్లు పెట్టుకొని ఎట్ల పడిపోయినవ్?”

ఆమె టికెట్ మిషన్‌కు మూత పెట్టింది. కిటికీలోంచి తుమ్మల వైపు చూసింది.

“బండి ఆపంగనే నువ్వెటు పోతవన్నా?”

“ఎటు పోత? గా తుమ్మల కాడికి.”

“మరి నేనెటు పోవాలె?”

 నాలుగేళ్లుగా ఇద్దరూ ఒకే బస్సులో పనిచేస్తున్నారు. కొమురెల్లికి ఇద్దరు చెల్లెళ్లు, భార్య, కూతురు ఉన్నారు. బస్సు కిటికీకి ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో లింగవ్వ ఇల్లుంది. ఇంటి పక్కన రేకుల తలుపుతో బాత్రూం ఉంది. అతను అటు చూశాడు. తర్వాత తల తిప్పుకున్నాడు.

ఎందుకు తిప్పుకున్నాడో చెప్పాలి. లింగవ్వ బీడీలు చుడుతుంది. పొద్దంతా వాకిట్లో ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటుంది. తడిపిన తునికాకు ఒక పక్క, చుట్టిన బీడీల కట్టలు ఇంకో పక్క ఉంటాయి. ఎర్రగుట్ట చివరి స్టేజీ కాబట్టి కొమురెల్లి బస్సును ఆ వాకిలి ముందే వెనక్కి తిప్పుతాడు. చక్రాల దుమ్ము లేచి చాటలో పడుతుంది. దుమ్ము పట్టిన బీడీలను కంపెనీవాళ్లు తీసుకోరు, పక్కన పడేస్తారు. రోజూ ఆమె తిట్టేది. రోడ్డు సర్కారుదని అతను జవాబిచ్చేవాడు. నీ బండి తిరిగినంక నా బీడీల ఆకు కంటే మన్నే ఎక్కువుంటదని ఆమె అనేది. మన్ను పొగాకు కంటే మంచిదేనని అతను అనేవాడు. ప్రయాణికులు నవ్వేవాళ్లు. ఇద్దరికీ అది అలవాటైంది.

ఆ బాత్రూం అడుగుదామని స్వరూప ఒకసారి వాకిలిదాకా వెళ్లింది. నేను సంచిలో ఉన్నాను. ఆమె నోరు తెరిచేలోపే, ముందు నీ డ్రైవర్‌కు బుద్ధి చెప్పిరాపో అంది లింగవ్వ. స్వరూప తిరిగి వచ్చి బస్సెక్కింది. మళ్లీ వెళ్లలేదు.

నెలాఖరు మీటింగులో శశిధర్ సారు ఎండాకాలం జాగ్రత్తలు చెబుతున్నారు. నీళ్లు ఎక్కువ తాగాలని, బాటిల్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని అన్నారు. స్వరూప లేచి వెళ్లి మా ఇద్దరినీ ఆయన బల్ల మీద పెట్టింది.

“ఇంకోటి ఇయ్యకుండ్రి సార్. ఇవే బరువైతున్నయ్.”

ఆయన నన్ను ఎత్తి చూశారు. రెండోదాన్నీ ఎత్తారు. నీళ్లు ఉండగా ఎందుకు తాగలేదని అడిగారు. ఆమె నేల చూస్తూ, తాగితే పోవాలె గద సార్, అంది. డిపోలో ఆడవాళ్లకు రెండు బాత్రూములు కట్టించాం కదమ్మా అని ఆయన గుర్తు చేశారు.

“డిపోల ఉన్నయ్ సార్. మేము బస్సుల ఉంటం.”

వెనక బెంచీలోంచి ఇంకో కండక్టరమ్మ లేచి తన బాటిల్ తెచ్చి నా పక్కన పెట్టింది. తర్వాత ఇంకొకామె వచ్చింది. బల్ల నిండింది. షామియానా రోజున కూడా మేమిలాగే వరసగా ఉన్నాం, కానీ ఈసారి ఖాళీగా లేం. శశిధర్ సారు నిలబడ్డవారు కూర్చున్నారు. ఈ మాట ఎవరూ చెప్పలేదే అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. ఎట్ల చెప్తం సార్ అంది స్వరూప. ఆ వారమే ఆయన ప్రతి చివరి స్టేజీలో ఆడవాళ్లకు బాత్రూం కావాలని పైవాళ్లకు రాశారు. స్థలం పంచాయతీలు ఇవ్వాలని జవాబు వచ్చింది. పంచాయతీలకు రాశారు.

స్వరూప కిడ్నీ జవాబుల కోసం ఆగేది కాదు. డాక్టరమ్మ చెప్పిన నెలలో సగం రోజులు మీటింగు నాటికే గడిచిపోయాయి.

మీటింగు మర్నాడు ఎర్రగుట్టలో కొమురెల్లి బస్సును వాకిలి ముందు తిప్పలేదు. నేరుగా ట్యాంకు దాకా పోనిచ్చాడు. అక్కడ జాగా ఇరుకు. ముందుకూ వెనక్కూ మూడుసార్లు ఆడిస్తే గాని బండి తిరగలేదు. దాన్ని అక్కడే ఆపి నడిచి వచ్చి లింగవ్వ వాకిట్లో నిలబడ్డాడు. స్వరూప అతని వెనక కొంచెం దూరంలో ఉంది.

లింగవ్వ చుట్టడం ఆపలేదు. “ఏమాయె, ఇయ్యాల తోవ తప్పినవా?”

“రేపటి సంది ట్యాంకు కాడనే తిప్పుత.”

“రోడ్డు సర్కారుది గద.”

“సర్కారుదే. దుమ్ము నాది.” అతను భుజం మీది తువాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “లింగవ్వా, నువ్వు తిట్టేది నన్ను. కొట్లాట నీకు నాకు. నడుమ ఈ పిల్ల ఎండుతున్నది. పొద్దుగాల నాలుగింటికి ఇల్లిడిస్తది, దీపాలు పెట్టేయాళ్లకు పోతది. నడుమ ఎక్కడ పోతదో నేను ఒక్కనాడు అడగలే.”

లింగవ్వ చేతిలో సగం చుట్టిన బీడీ ఆగింది. ఆమె అతన్ని కాదు, అతని వెనక ఉన్న స్వరూపను చూసింది.

“అందుకేనా ఆనాడు పడిపోయింది?”

స్వరూప తలూపింది.

“నా వాకిట్ల పడ్డవ్ బిడ్డా. నేను ఎండకనుకొని ఉల్లిగడ్డ వాసన చూపియ్యమన్న.” చాట పక్కన పెట్టి లేచింది. మోకాళ్లు పట్టుకుని నిలబడి, కొంగులోంచి బాత్రూం తాళంచెవి తీసి కొమురెల్లి మీదికి విసిరింది. “ఏం నిలబడ్డవ్? అండ్ల నా ఆకు కట్టలున్నయ్. నెత్తి మీద పెట్టుకొని ఇంట్లకు మొయ్యి. ఇడువకు, ఇరిగితయ్.”

అతను ఒక్కొక్క కట్టే మోశాడు. బస్సెక్కడానికి వచ్చినవాళ్లు ట్యాంకు దగ్గర నిలబడి చూశారు. డ్రైవరుకు లింగవ్వ జీతం ఎంతిస్తదని ఒకరు అడిగారు. అతను ఇంకో కట్ట నెత్తికెత్తుకున్నాడు. లింగవ్వ బకెట్ నిండా నీళ్లు పెట్టింది. తలుపుకు గొళ్లెం లోపలివైపు సరిగా పడుతుందో లేదో రెండుసార్లు వేసి తీసి చూసి, స్వరూపను లోపలికి పంపింది. ఆ ట్రిప్పు డిపోకు ఆలస్యంగా చేరింది. ఆలస్యానికి కారణం అడిగితే రివర్స్ కష్టమైందని కొమురెల్లి చెప్పాడు. అది నిజమే.

బయల్దేరే ముందు స్వరూప బస్సు మెట్టు మీద కూర్చుని నన్ను ఎత్తింది. మొదటి గుక్క అలవాటు కొద్దీ పుక్కిలించింది. ఉమ్మలేదు, మింగింది. తర్వాత ఆగకుండా తాగింది. తాగుతూ నా అడుగు ఆమె చూడడం అదే మొదటిసారి.

ఇప్పటిదాకా తెలిసిన సంగతులు ఇవి. ఎర్రగుట్ట రూటులో రెండో షిఫ్టు కండక్టరమ్మ కూడా లింగవ్వ ఇంటికే వెళుతోంది. నాకు తోడుగా ఇచ్చిన బాటిల్‌ను స్వరూప లింగవ్వకు ఇచ్చింది. అది చాట పక్కనే ఉంటుంది. లింగవ్వ, కొమురెల్లి ఇంకా తిట్టుకుంటున్నారు, ఇప్పుడు ఆకు కట్టలు అతను సరిగా పేర్చలేదని. శశిధర్ సారు రాసిన స్టేజీల్లో రెండింటికి పంచాయతీలు స్థలం ఇచ్చాయి. ఒకచోట పునాది తీశారు. మిగతావాటి నుంచి జవాబు రాలేదు. నెల నిండాక డాక్టరమ్మ పరీక్షలు చూసి ఇన్ఫెక్షన్ తగ్గిందని, రాయి ఇంకా ఉందని, నీళ్లు ఇలాగే తాగుతూ డ్యూటీ చేసుకోవచ్చని చెప్పింది.

జూన్ మూడో తేదీ మధ్యాహ్నం, లింగవ్వ ఇంటి నల్లా కింద, స్వరూప ఆ రోజుకు రెండోసారి నన్ను నింపింది.